కొండవాగు జెల్లను గుర్తుపట్టడం

హిమాలయాలు మైదానంలోకి దిగే చోట, కోసి, తీస్తా, జల్‌ఢాకా వంటి నదుల్లో కలిసే చిన్న చిన్న వాగుల్లో, రాళ్ళ కింద దాక్కుని బతికే ఒక జెల్ల ఉంది. శాస్త్రంలో దాని పేరు ఆంబ్లిసెప్స్ మాంగోయిస్. ఎంత పెరిగినా 12 సెంటీమీటర్లకు అటూ ఇటూ; వలకు వచ్చేవి చాలావరకు అంతకన్నా చిన్నవి. ఒంటి మీద పొలుసు లేదు. మూతి చుట్టూ నాలుగు జతల మీసాలు, చర్మం కప్పేసిన చుక్కంత కళ్ళు, మట్టిరంగు ఒళ్ళు. తెలుగునాట ఏటిగట్టున జెల్ల అనగానే గుర్తొచ్చే చేప కన్నా ఇది సన్నది, మెత్తనిది, నెమ్మదైనది. చూడగానే ఆకట్టుకునే అందమేమీ దీనికి లేదు. అయినా కొండవాగుల చేపల్ని గుర్తుపట్టడంలో ఎదురయ్యే చిక్కులన్నీ ఈ ఒక్క చేప దగ్గరే కనిపిస్తాయి. రెండు వందల ఏళ్ళుగా ఎందరో పరిశోధకులు దీని పేరు హద్దుల్ని సరిచేస్తూనే వస్తున్నారు.

ఈ వాగులు మరీ ఎత్తున మంచు కరిగి పుట్టే చోట ఉండవు, అడుగున బురదలో సోమరిగా పారేవీ కావు. రెంటికీ నడుమ ఉన్న ఉపోష్ణ మండలపు కొండచరియ వీటి చోటు. చలికాలంలో నీరు బాగా చల్లబడుతుంది గాని గడ్డకట్టదు. ఎండాకాలంలో పాయ సన్నబడి రాళ్ళ సందుల్లో పారుతుంది. వానాకాలం వచ్చిందంటే అదే వాగు బండల్ని దొర్లించుకుపోతుంది. ఇలాంటి చోట ఉన్నచోట నిలదొక్కుకోలేని చేప ఎంత బాగా ఈదినా నిలవదు. అందుకే ఇక్కడి జెల్లల్లో చాలావాటికి పొట్ట చదునుగా ఉంటుంది, చేపను నీటిలో తేల్చే గాలితిత్తి కుంచించుకుపోయి ఉంటుంది, రొమ్ము దగ్గరి రెక్కలు నేల మీద పరిచినట్టు పక్కలకు విప్పుకుని ఉంటాయి. పగలు రాయి కింద, రాత్రి రాళ్ళ మధ్య పురుగుల వేట.

గుర్తుపట్టడంలో మొదటి చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒకే వేగం, ఒకే రకం రాళ్ళు, ఒకే తిండి ఉన్న చోట, ఏ సంబంధమూ లేని చేపలు కూడా తరాలు గడిచేకొద్దీ ఒకే పోలికకు వచ్చేస్తాయి. ఈ సంగతిని లోతుగా పట్టించుకున్నవారు సుందర్‌లాల్ హోరా. కలకత్తాలో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసి, 1947 నుంచి 1955లో కన్నుమూసేదాకా ఆ సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. వేగంగా పారే నీటిలోని జీవులు రాతికి అంటుకునే అవయవాల మీద ఆయన రాసిన పెద్ద వ్యాసం 1930లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. చేపలూ పురుగులూ కప్పపిల్లలూ ఒకే ప్రవాహానికి ఎలా ఒకేలా లొంగి ఒళ్ళు మలచుకుంటాయో అందులో వివరించారు. దాన్నుంచి చేపల్ని గుర్తుపట్టేవారు నేర్చుకోవలసింది ఒకటుంది. కొండవాగు చేపలో మొత్తం ఆకారాన్ని నమ్మకూడదు. ఆకారం వాగు ఇచ్చినది. వంశం తెలిపే ఆనవాళ్ళు చిన్నచిన్న చోట్ల ఉంటాయి. పెదవి మడతలో, రెక్క మొదట్లో, రొమ్ము కింద, ఎముకల లోపల.

చేతివలలోకి ఓ సన్నని గోధుమరంగు చేప వచ్చిందనుకుంటే, మొదట తేల్చుకోవలసింది అది జెల్లా, లోచ్ అనే మరో కుటుంబపు చేపా అన్నది. రెండూ ఒకే రాయి కింద దొరుకుతాయి, రెంటికీ మీసాలుంటాయి, రెండూ పాకినట్టు కదులుతాయి. 1933లో హోరా ఆంబ్లిసెప్స్ మీద రాసిన వ్యాసం శీర్షికలోనే వీటిని లోచ్‌ల వంటి చేపలన్నారు. నిజానికి తేడా తెలుసుకోవడం కష్టం కాదు. చేపను పక్కకు తిప్పి వీపు చూడాలి. వీపు రెక్కకూ తోకకూ మధ్య, లోపల పుల్లలేవీ లేని మెత్తటి మడత ఒకటి కనిపిస్తే అది కొవ్వు రెక్క. ఆంబ్లిసెప్స్‌కు అది ఉంటుంది, లోచ్‌కు ఉండదు. లోచ్ నోరు చిన్నది, మూతి కింద ఉంటుంది. ఈ జెల్ల నోరు వెడల్పుగా మూతి చివర అడ్డంగా తెరుచుకుంటుంది. లోచ్ ఒంటి మీద వేలితో రాస్తే తెలియనంత చిన్న పొలుసులు చాలావాటికి ఉంటాయి, భూతద్దం కింద కనబడతాయి. జెల్ల ఒళ్ళు పూర్తిగా నున్నగా, జిగురుగా ఉంటుంది. కొన్ని లోచ్‌లకు కంటి కింద రెండుగా చీలిన చిన్న ముల్లు కూడా ఉంటుంది.

జెల్ల అని తేలాక మిగిలే ప్రశ్న చిన్నది కాదు. కార్ల్ ఫెరారిస్ 2007లో ప్రచురించిన ప్రపంచ పట్టికలోనే చెల్లుబాటయ్యే జెల్లజాతులు 3,093 ఉన్నాయి, ఆ తర్వాత ఏటా కొత్తవి చేరుతున్నాయి. అదృష్టవశాత్తూ హిమాలయపు ఒక వాగులో వాటిలో దొరికేవి కొన్నే. ఆ కొన్నిటిని విడదీయడానికి చేపను వెల్లకిలా తిప్పడం అన్నిటికన్నా మంచి అలవాటు. పై నుంచి తీసిన ఫోటోతో పేరు అడిగేవారికి ఎంతటి అనుభవజ్ఞుడూ సరైన జవాబు ఇవ్వలేడు.

రొమ్ము కింద చర్మం పొడుగునా సన్నని గాడులు గాడులుగా ముడతలు పడి, ఓ చిన్న మెత్తలా ఏర్పడి ఉంటే ఆ చేప గ్లిప్టోథొరాక్స్. ఆ ముడతలు తల నుంచి తోక వైపుకు, అంటే చేప పొడుగునే సాగుతాయి. అవే ముడతలు అడ్డంగా, ఒకదాని వెనక ఒకటి పట్టీలు కట్టినట్టుంటే అది సూడెకినీస్. దాని ముదురు ఒంటి మీద పసుపు మచ్చలు కూడా సాధారణం. ఈ రెండు ప్రజాతులకూ 1860లో పేరు పెట్టినవారు కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్. మూడో రకం చేపలకు రొమ్ము మెత్త ఉండదు గాని, రొమ్ము రెక్కలూ పొట్ట రెక్కలూ బాగా వెడల్పై, వాటి మొదటి పుల్ల అడుగున చర్మం ముడతలు ముడతలుగా ఉంటుంది. ఎక్సోస్టోమా, దాని బంధువులు ఈ కోవ. మెత్తను బలమైన సూక్ష్మదర్శినిలో చూస్తే ముడతల మీద గోరు వంటి పదార్థంతో చేసిన అతి సూక్ష్మమైన కొక్కేలు వేలకొద్దీ కనిపిస్తాయి. ఒక్కో కొక్కెం ఒక్క కణం నుంచి మొలుస్తుంది. వీటిని అన్‌క్యులై అంటారు. టైసన్ రాబర్ట్స్ 1982లో వీటి గురించి విపులంగా రాశారు. రాతి గరుకుదనానికి ఈ కొక్కేలు పట్టుకుంటాయి.

ఆంబ్లిసెప్స్ రొమ్ము కింద ఇవేవీ ఉండవు. అక్కడ చర్మం నున్నగా ఉంటుంది. ఇది ప్రవాహంలో బండ మీద నిలబడే చేప కాదు, బండ కింద దూరే చేప. అందుకే దీని ఆనవాళ్ళు రొమ్ము మీద కాక తల చుట్టూ వెతకాలి. మొదటిది కింది పెదవి. మంచి వెలుతురులో నోటి కింద చూస్తే పెదవి వెనక మరో పెదవి ఉన్నట్టు రెండు మడతలు కనబడతాయి. రెండోది రొమ్ము రెక్క మొదలు దగ్గర, మొప్ప తలుపు వెనక ఉంటుంది. అక్కడి చర్మం దొప్పలా లేచి, చీర కుచ్చిళ్ళలా ముడతలు ముడతలుగా పడి ఉంటుంది. ఈ కుచ్చిళ్ళ తొడుగు ఈ ప్రజాతికి ముద్రవంటిది. బతికి ఉన్న చేపను నీటితోపాటు తెల్లటి పళ్ళెంలో ఉంచి, పక్క నుంచి భూతద్దంతో చూస్తే ఆ తొడుగు మొప్పల కదలికతోపాటు మెల్లగా అదరడం కూడా చూడవచ్చు. పాతబడిన నమూనాలో ఇది ముడుచుకుపోతుంది, సూది మొనతో కాస్త ఎత్తి చూడాలి. మూడోది వీపు రెక్క. మామూలు జెల్లల్లో వీపు రెక్క ముల్లు గట్టిగా, పైకి కనబడుతూ ఉంటుంది. ఇక్కడ రెక్క మొత్తం మందపాటి చర్మంలో మునిగి ఉంటుంది, లోపలి ముల్లు బలహీనంగా ఉండి వేలికి తగలాలే తప్ప కంటికి ఆనదు. పార్శ్వరేఖ, అంటే పక్కల వెంట సాగే జ్ఞానేంద్రియపు గీత, లేకపోవడమో కొద్ది దూరంలోనే ఆగిపోవడమో జరుగుతుంది. పార్శ్వరేఖ పొడవును తర్వాత జాతి దగ్గర మళ్ళీ చూడవలసి వస్తుంది.

వేలితో తడిమి చూసేటప్పుడు ఒక హెచ్చరిక. ఈ చేప రొమ్ము రెక్కల ముందు చిన్న ముల్లు దాగి ఉంటుంది. చిన్నదే గాని పొడిస్తే మంట పుడుతుంది. ఆంబ్లిసెప్స్ కుటుంబానికే చెందిన లియోబాగ్రస్ చేపలు జపాన్, కొరియా, చైనా వాగుల్లో ఉంటాయి. జపాన్ చేప ముల్లులో విషగ్రంథి ఉన్న సంగతి చాలాకాలంగా తెలిసినదే. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ రైట్ 2009లో జెల్లజాతుల ముళ్ళను పరిశీలించి, విషమున్నవి కనీసం 1,250, బహుశా 1,600కు పైగా ఉండవచ్చని లెక్కగట్టారు. కాబట్టి జెల్లను తల వెనక నుంచి, తడిగుడ్డతో పట్టుకోవడం మంచిది. తడిగుడ్డ చేప చర్మం మీది జిగురును కూడా కాపాడుతుంది.

ఆంబ్లిసెప్స్‌ను పోలిన మరో రెండు చేపల్ని ఇక్కడే తప్పించాలి. ఓలైరా అనే జెల్ల కూడా సన్నగా, పాములా సాగి ఉంటుంది, అవే వాగుల్లో ఉంటుంది. కాని దాని తోక రెక్క పొడుగ్గా సాగి ఉంటుంది, మీసాలు బాగా పొడుగు, తోక ముందు పొట్ట కింది రెక్క కూడా చాలా దూరం పరుచుకుని ఉంటుంది, రెండు మడతల పెదవి ఉండదు. బటాసియోను చూస్తే కళ్ళు స్పష్టంగా, పెద్దవిగా ఉంటాయి, ఒళ్ళు పక్కల నుంచి నొక్కినట్టుంటుంది, తల కింద జంటలుగా చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. కళ్ళు బాగా కనబడే చిన్న జెల్ల ఏదీ ఆంబ్లిసెప్స్ కాదని మొదటి చూపులోనే చెప్పేయవచ్చు.

ఇంతవరకూ తేలింది ప్రజాతి. వాగుగట్టున, భూతద్దంతో, పావుగంటలో తేలిపోయే పని ఇది. జాతి దగ్గరకొచ్చేసరికి పని తీరే మారుతుంది. ఆంబ్లిసెప్స్‌లో ఇప్పుడు గుర్తింపు పొందిన జాతులు ఇరవైకి పైగా ఉన్నాయి. వాటి మధ్య తేడాలు రంగులో ఉండవు. ఉన్నా రాతి రంగును బట్టీ వెలుతురును బట్టీ మారిపోతాయి. చూడవలసినవి వేరు. తోక చివర లోతుగా రెండుగా చీలిందా, కొద్దిగా నొక్కుకుందా, నిలువుగా కోసినట్టుందా? కొవ్వు రెక్క తోకకు ముందే ముగిసిందా, తోకలో కలిసిపోయిందా? పై దవడా కింది దవడా సమంగా ఉన్నాయా, కిందిది ముందుకు పొడుచుకొచ్చిందా? రొమ్ము ముల్లు వెనక అంచు నున్నగా ఉందా, రంపపు పళ్ళు ఉన్నాయా? పార్శ్వరేఖ ఎంతవరకు సాగింది? తోక మధ్య పుల్లల మొదట్లో లోపలికి తిరిగిన చిన్న కొక్కేలు ఎంత బలంగా ఉన్నాయి? వెన్నుపూసలు ఎన్ని? వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా సరిపోదు. నాలుగైదు లక్షణాలు కలిసి ఒకే దిక్కు చూపినప్పుడే పేరు నిలుస్తుంది. గంగా పరీవాహకంలో మాంగోయిస్‌గా పరిగణించే చేపకు తోక లోతుగా చీలి ఉంటుంది. తోక చీలని చేప దొరికితే, అది మాంగోయిస్ అనుకునే ముందు ఆగి చూడాలి.

ఈ ఆగి చూడడం అనేది చాలాకాలం జరగలేదు. మాంగోయిస్ అనే పేరును మొదట అచ్చువేసినవారు ఫ్రాన్సిస్ హామిల్టన్, అంతకుముందు ఫ్రాన్సిస్ బుకానన్ పేరుతో ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన స్కాట్లాండ్ వైద్యుడు. 1807 నుంచి 1814 దాకా ఆయన బెంగాల్ ప్రెసిడెన్సీ జిల్లాలను సర్వే చేస్తూ, దారిలో దొరికిన చేపలన్నిటినీ రాసిపెట్టుకున్నారు. గంగలోనూ దాని పాయల్లోనూ ఉన్న చేపల మీద ఆయన పుస్తకం 1822లో ఎడిన్‌బరోలో వెలువడింది. సుమారు 270 జాతులు అందులో ఉన్నాయి. ఉత్తర బీహార్‌లో దొరికిన ఈ చిన్న జెల్ల వాటిలో ఒకటి. అప్పట్లో దాన్ని పిమెలోడస్ అనే పెద్ద గంపలో వేశారు. ఆంబ్లిసెప్స్ అనే ప్రజాతిని బ్లైత్ 1858లో వేరుచేశాకే దీనికి తన ఇల్లు దొరికింది. చిక్కేమిటంటే హామిల్టన్ చేపల్ని రాసుకున్నారు, బొమ్మలు గీయించారు గాని, చేపల్ని సీసాల్లో భద్రపరిచి మ్యూజియంకు ఇవ్వలేదు. 1815లో ఇంటికి తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన గీయించిన బొమ్మల్ని కలకత్తాలో ప్రభుత్వం అట్టిపెట్టుకుంది. ఫలితంగా ఏ పేరు ఏ చేపదో తేల్చడానికి తర్వాతివారి చేతిలో మిగిలినది కొన్ని వాక్యాల వర్ణన మాత్రమే. ఆ వర్ణన రాసేటప్పటికి పోల్చడానికి ఆ ప్రజాతిలో మరో చేప తెలియదు. తెలిసి ఉంటే హామిల్టన్ తోక గురించీ దవడ గురించీ బహుశా ఇంకొంత రాసి ఉండేవారు.

పేరు ఇలా వదులుగా ఉండడంతో పంజాబ్ కొండల నుంచి మయన్మార్ దాటి ఆగ్నేయాసియా దాకా దొరికిన ఇలాంటి చేపల్లో అధికభాగాన్ని మాంగోయిస్‌లోనే చేర్చేశారు. తోకలు వేరుగా కనిపించినా, ఒకే జాతిలో ఉండే వైవిధ్యమని సరిపెట్టుకున్నారు. దీన్ని విప్పడం గత ముప్పై నలభై ఏళ్ళలోనే జరిగింది. 1989లో అరుణాచల్‌ప్రదేశ్ నుంచి రెండు కొత్త జాతుల్ని వర్ణించారు. 2000లో హియోక్ హీ ఎంగ్, మారిస్ కొటెలా కలిసి ఇండోచైనా చేపల్ని మళ్ళీ పరిశీలించి ఒక్క వ్యాసంలో అయిదు కొత్త జాతుల్ని విడదీశారు. 2008లో మణిపూర్ విశ్వవిద్యాలయం నుంచి లింథోయిన్‌గాంబీ, విశ్వనాథ్ మరో రెంటిని చేర్చారు. 2010లో ఎంగ్, రైట్ ఈశాన్య భారతం నుంచి ఇంకొకటి. ప్రతి వ్యాసంతోనూ మాంగోయిస్ అనే పేరు ఉండే ప్రాంతం కుంచించుకుంటూ వచ్చింది. నలభై ఏళ్ళ కిందటి జాబితాలో మాంగోయిస్ అని ఉంటే, ఆ చేప నిజంగా మాంగోయిస్ అని నేడు ఎవరూ హామీ ఇవ్వలేరు. నమూనా ఎక్కడైనా సీసాలో మిగిలి ఉంటే మళ్ళీ చూడవచ్చు. పేరు మాత్రమే మిగిలి ఉంటే ఆ సమాచారం వాడుకకు రాదు.

పేరు తప్పితే నష్టం ఒక్క చేపతో ఆగదు. హోరా 1940లలో ప్రతిపాదించిన సాత్పురా సిద్ధాంతమే ఇందుకు తార్కాణం. అస్సాం కొండల్లోని వాగు చేపలకు దగ్గరి బంధువులు వేల కిలోమీటర్ల అవతల పశ్చిమ కనుమల్లో ఎలా ఉన్నాయన్నది ఆయన ప్రశ్న. ఒకప్పుడు వింధ్య, సాత్పురా కొండలు తెగకుండా ఇంకా ఎత్తుగా ఉండేవని, వాటి వాగుల మీదుగా చేపలు పడమటికి, అక్కడి నుంచి దక్షిణానికి చేరాయని ఆయన జవాబు. గ్లిప్టోథొరాక్స్ ఆ వాదనకు పట్టుకొమ్మల్లో ఒకటి. దక్కన్ చేపల మీద 1839లో రాసిన కర్నల్ సైక్స్ వర్ణించిన గ్లిప్టోథొరాక్స్ లోనా కృష్ణా నది ఎగువ పాయల్లో ఉంటుంది. తెలుగునేల మీదికి పారే నీటికి ఈ కథతో ఉన్న సంబంధం అదే. తర్వాతి తరంవారు భూవిజ్ఞాన ఆధారాలతోనూ జన్యు ఆధారాలతోనూ హోరా జవాబును చాలావరకు కాదన్నారు. కాని ఆయన ప్రశ్న గొప్పది, ఇప్పటికీ సజీవంగా ఉంది. అసలు ఆ వాదాన్ని నిలబెట్టాలన్నా కూలగొట్టాలన్నా ముందు కావలసింది ఒక్కటే: ఇక్కడి చేపా అక్కడి చేపా నిజంగా బంధువులా అన్నది ఒళ్ళు చూసి, ఎముక చూసి తేల్చగల మనిషి. ఇటీవలి ఏళ్ళలో కర్ణాటక వైపు పశ్చిమ కనుమల నుంచి కూడా ఆంబ్లిసెప్స్ జాతి ఒకటి వెలుగులోకి రావడంతో ఆ పని మళ్ళీ ముందుకొచ్చింది.

ఇంత సూక్ష్మమైన తేడాలు తేల్చడానికి వాగుగట్టున చూసిన చూపు చాలదు, నమూనా కావాలి. రక్షిత అడవుల్లో చేపను పట్టడానికి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. అనుమతి ఉన్నా నాలుగైదు చేపలకు మించి అక్కర్లేదు. బతికి ఉండగానే ముందు ఫోటోలు తీయాలి. పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, తల అడుగు నుంచి ఒకటి, ప్రతిదాంట్లోనూ స్కేలు ఉండాలి. రంగు చేప చచ్చిన కొద్దిసేపటికే పోతుంది. తర్వాత కుడి వైపు రెక్క నుంచి గాని కండ నుంచి గాని చిన్న ముక్క కోసి శుద్ధమైన ఆల్కహాల్‌లో వేయాలి, అది డీఎన్ఏ కోసం. ఆ తర్వాతే చేపను పదిశాతం ఫార్మలిన్‌లో, రెక్కలు విప్పి, ఒళ్ళు తిన్నగా ఉంచి గట్టిపరచాలి. ఈ వరస తారుమారైతే, ఫార్మలిన్ తాకిన కండలోంచి డీఎన్ఏ తీయడం చాలా కష్టమవుతుంది. కొన్ని రోజుల తర్వాత నీటిలో కడిగి 70 శాతం ఆల్కహాల్‌లోకి మారుస్తారు. ఎడమ పక్కను మాత్రం ఎప్పుడూ ముట్టుకోరు. కొలతలన్నీ ప్రపంచమంతటా ఎడమ పక్కనే తీసుకుంటారు.

కొలవడానికి వెర్నియర్ కాలిపర్స్ వాడతారు. మూతి చివర నుంచి తోక రెక్క మొదలయ్యే ఎముక దాకా ఉన్నది ప్రామాణిక పొడవు. తోక రెక్క విరిగిపోతుంది కాబట్టి దాన్ని కలపరు. తల పొడవు, ఒంటి లోతు, కొవ్వు రెక్క పొడవు వంటివి ఆ ప్రామాణిక పొడవులో ఎంత శాతమో, కళ్ళ మధ్య దూరం వంటి తల మీది కొలతలు తల పొడవులో ఎంత శాతమో లెక్క వేస్తారు. పిల్లచేపకూ పెద్దచేపకూ ఈ శాతాలు ఒకేలా ఉండవు. పిల్లచేపల తల పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే ఒక్క చేపను కొలిచి కొత్త జాతి అని తొందరపడడం పాత రోజుల్లో ఎన్నో పేర్ల గందరగోళానికి దారితీసింది. వెన్నుపూసల లెక్కకు ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రే దొరకని చోట ఒక నమూనాను త్యాగం చేసి, కండను పారదర్శకంగా చేసి, ఎముకల్ని అలిజరిన్ ఎరుపుతో, మృదులాస్థిని ఆల్షియన్ నీలంతో రంగు వేసి గ్లిసరిన్‌లో ఉంచుతారు. అలా తయారైన చేపను సూక్ష్మదర్శిని కింద పెట్టి తోక మొదట్లోని కొక్కేల్ని లెక్కపెట్టడం ఎంత ఓపికైన పనో, చూసినవారికి అంత ఆనందాన్నీ ఇస్తుంది. చర్మం కింద ఇన్నాళ్ళూ దాగిన ముల్లూ, పూసలూ, తోక పుల్లలూ ఒక్కసారిగా ఎర్రగా కనబడతాయి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది సీసాలో వేసే చీటీ. వాగు పేరు, అది ఏ నదిలో కలుస్తుంది, దగ్గరి ఊరు, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, పట్టినవారి పేరు. ఇది కాగితం నీటిలో నానినా చెరగని సిరాతో రాసి సీసా లోపలే వేయాలి. పైన అంటించిన చీటీ ఏదో ఒకనాడు ఊడిపోతుంది. ఆంబ్లిసెప్స్ వంటి ప్రజాతిలో చాలా జాతులు ఒక్కో నదీ పరీవాహకానికే పరిమితం. కాబట్టి తీస్తా పాయ అని రాసి ఉంటే సగం జాతులు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. హిమాలయాలు అని మాత్రమే రాసి ఉంటే ఏదీ తప్పుకోదు. అక్వేరియం వ్యాపారుల చేతులు మారి వచ్చిన చేపతో వచ్చే చిక్కు ఇదే. చేప ఉంటుంది, చోటు ఉండదు. అలాంటి చేపకు జాతి పేరు చెప్పడానికి జాగ్రత్తగలవారు ఒప్పుకోరు.

డీఎన్ఏ వచ్చాక ఈ శ్రమంతా తప్పిందని అనుకునేవారున్నారు. అది సగమే నిజం. 2003లో కెనడాకు చెందిన పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించిన బార్‌కోడ్ పద్ధతిలో మైటోకాండ్రియాలోని సీఓఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్కను చదువుతారు. ఒక చేప ముక్క మరో చేపదానితో సరిపోతుందా అన్నది అది చక్కగా చెబుతుంది. అయితే సరిపోయిన ఆ రెండో చేపకు పేరు పెట్టినది ఎవరు? డేటాబేసులో ఎవరో తొందరలో మాంగోయిస్ అని రాసిన చేపతో సరిపోతే, కొత్త చేపకూ అదే తప్పు అంటుకుంటుంది. ఈ ప్రమాదం లేని చోట, అంటే నమూనా సీసాలో, డీఎన్ఏ డేటాబేసులో, రెంటికీ ఒకే సంఖ్య ఉన్న చోట, బార్‌కోడ్ నిజంగా అమూల్యమైన సాయం. ఒకే వాగులో కలిసి బతికే రెండు జాతుల్ని, కంటికి తెలియక ముందే అది విడదీసి చూపగలదు. ఆ తర్వాత ఒళ్ళు వెతికితే తేడా కనబడుతుంది.

నమూనాలకు మన దేశంలో చివరి ఇల్లు జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. 1916లో ఏర్పడిన ఈ సంస్థ ప్రధాన సేకరణ కోల్‌కతాలో ఉంది. మంచినీటి జీవుల కోసం హైదరాబాద్‌లో ఒక ప్రాంతీయ కేంద్రం కూడా పనిచేస్తోంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవారు దాని నమూనాను ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో జమచేయాలి. హామిల్టన్ కాలంలో లేనిది సరిగ్గా ఈ ఏర్పాటే. రేపు మరొకరు వచ్చి మళ్ళీ కొలవగలిగేలా చేప మిగిలి ఉండడం.

మాంగోయిస్ విషయంలో ఇక జరగవలసినది ఉత్తర బీహార్ నీళ్ళలోంచి, హామిల్టన్ రాసిన ప్రాంతం నుంచే, చేపల్ని పట్టి పోల్చడం. వాటిలో ఒకటి ఆ పేరుకు స్థిరమైన నమూనాగా ప్రకటితమైతే మిగతా వాగుల చేపలన్నిటికీ కొలబద్ద దొరుకుతుంది. ఈ లోపు వేరే నది పాయలో, తోక లోతుగా చీలి, రెండు మడతల పెదవీ కుచ్చిళ్ళ తొడుగూ స్పష్టంగా ఉన్న చేప దొరికితే, పూసల లెక్కా దవడల కొలతా ఇంకా తేలనప్పుడు, పరిశోధకులు పేరు మధ్యలో పోల్చదగినది అనే అర్థంలో సి.ఎఫ్. అని రెండక్షరాలు చేరుస్తారు. ఆంబ్లిసెప్స్ సి.ఎఫ్. మాంగోయిస్ అని చీటీ మీద రాసి, కింద వాగు పేరూ తేదీ వేసి, సీసాకు మూత పెడతారు.